ఒకటి తక్కువ

వరంగల్ పశువుల దవాఖానలో, పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని కిరాయికిచ్చే ఒకాయన డాక్టరమ్మ చేతిలోని కాగితాన్నే చూస్తున్నాడు.

“నీ గుర్రానికి కడుపు ఎందుకు నిలుస్తలేదో తెలిసిందన్నా. గుర్రాలకు అరవై నాలుగు క్రోమోజోములుంటయి. దీనికి పుట్టుకతోనే ఒకటి తక్కువ.”

“ఒకటి తక్కువైతే సచ్చిపోతదా డాక్టరమ్మా?”

“సావదు. మంచిగ తింటది, ఉరుకుతది. పిల్లల్ని కనదు, అంతే.”

“గుండె ఆగిపోదు గదా? జర నిజం చెప్పున్రి.”

“గుర్రం కోసం ఇంతగనం పరేషానైతానవేందన్నా?”

“నా బిడ్డకు పద్నాలుగేండ్లు. ఇంకా పెద్దమనిషి కాలేదని పెద్ద దవాఖానకు తోల్కపోయిన. మనుషులకు నలభై ఆరు ఉండాల్నట, బిడ్డకు నలభై ఐదే ఉన్నయట. ఇంకేందో చెప్తాంటే భయమై లేచొచ్చిన.”

“నేను పశువుల డాక్టర్నన్నా. మనుషుల సంగతి నేను చెప్పొద్దు. కానీ గసొంటి ఆడపిల్లలు సదువుకొని, కొలువులు చేసుకుంట బతుకుతాన్రు. రేపు నేనూ వస్త. ఆ డాక్టర్ని అన్నీ అడుగుదాం.”

“ఇయ్యాల ఇంటికి పోతే బిడ్డ అడుగుతది. ఏం జెప్పాలె?”

“‘భయమై లేచొచ్చిన బిడ్డా’ అని చెప్పు. ఇప్పుడు నీకు తెలిసిన నిజం గదొక్కటే.”