గడియారానికి మైకెందుకు?

ఇద్దరూ పనిచేసుకునే గది. కిటికీ వైపు బల్ల ఆమెది, గోడ వైపు బల్ల ఆయనది, మధ్యలో ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్. మొగుడూ పెళ్ళాలైనా ఆయన ఆమెకి చిన్నప్పటి బావే, ఎంత కోపంలోనూ ఆ పిలుపు మారదు. పోట్లాట అప్పటికే మొదలైపోయింది.

"మాట మార్చకు. గడియారానికి మైకెందుకు బావా?"

"ఏ గడియారం?"

"ఏ గడియారమట! గోడకున్నది కాదు. దీంట్లో, తెర వెనక నడుస్తున్నది. పేరు చూస్తే గడియారం. చేసే పని చూస్తే మైకు తెరవడం."

"నడుస్తుంటే నడవనీ. తెర వెనక ఇలాంటి డీమన్ ప్రోగ్రాములు ఎన్ని నడవట్లేదు?"

"ఎన్ని నడుస్తున్నా ప్రతిదీ నేను పెట్టిందే. ఒకటి ఫైళ్ళకి కాపీలు తీస్తుంది, ఒకటి ప్రింటర్ని చూసుకుంటుంది, ఒకటి నా ప్రోగ్రాములకి పరీక్షలు పెడుతుంది. ఈ గడియారాన్ని మాత్రం నేను పెట్టలేదు."

"పెట్టి మర్చిపోయుంటావ్."

"నేనా? కూరలో ఉప్పు మర్చిపోతానేమో గానీ ఇందులో ఏం నడుస్తోందో మర్చిపోను."

"సరే తల్లీ, నేనే పెట్టాను. టైము చూసుకోవడానికి."

"చేతికి వాచీ ఉంది, జేబులో ఫోనుంది, గోడకి అంత గడియారముంది. చాల్లేదా?"

"ఇంకోటుంటే తప్పా?"

"పేరుదేముంది, ఏదైనా పెట్టుకోవచ్చు. కానీ దీన్ని రాసింది ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషలో బావా. ఇందులో బయటి వస్తువేది ముట్టుకోవాలన్నా, ఫలానాది ముట్టుకుంటానని ఫంక్షన్ నెత్తిమీదే రాసి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ప్రోగ్రామ్ తయారే కాదు. పేరు ఎంత అమాయకంగా పెట్టినా ఆ ఒక్క లైను రాయక తప్పలేదు నీకు. మైకు వింటాను, ఫోన్‌కి పంపుతాను. నీ చేత్తో నువ్వే రాశావు."

"నేర్పింది నువ్వేగా."

"నేర్పినందుకు నా మీదే ప్రయోగమా?"

"నీ మీద కాదు."

"మరెవరి మీద? ఈ గదిలో ఉండేది నువ్వూ నేనూ. నువ్వు రోజు మొత్తం మీద నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప. ఇక వినడానికి మిగిలిందెవరు?"

"ఆ మాటలేవీ ఎక్కడా దాచట్లేదు. కావాలంటే వెతుక్కో."

"వెతికాను. దాచట్లేదు కాబట్టే నాకు మరీ అనుమానం. దాచేవాడు తీరిగ్గా ఎప్పుడో వింటాడు. నువ్వు అప్పటికప్పుడే వింటున్నావన్నమాట. ముందు ఆ ఫోన్ కింద పెట్టు."

"చేతిలో ఉండనీ."

"అదిగో, అదే! నేనింత మొత్తుకుంటుంటే నీ కళ్ళు ఫోన్ మీదే. ఈ మధ్య చూస్తూనే ఉన్నాను. నేను నోరు తెరిస్తే చాలు, నువ్వు ఫోన్ తెరుస్తావు."

"నువ్వు చెప్పు. నాకు తెలుస్తూనే ఉంది."

"అయితే కుర్చీ సంగతి చెప్పు."

"కుర్చీ ఏం చేసింది?"

"నడుం నొప్పని అక్కతో అన్నాను. ఇదే గదిలో కూర్చుని, ఫోన్లో. నువ్వప్పుడు మేడ మీద ఉన్నావు. నీతో ఒక్క ముక్క అనలేదు. మర్నాటికల్లా కుర్చీ మారిపోయింది. అబ్బ, మా బావకి ఎంత ప్రేమో, చెప్పకుండానే కనిపెట్టేశాడని పిచ్చిదాన్లా మురిసిపోయాను."

"ప్రేమ కాదంటావా?"

"ప్రేమతో కనిపెట్టలేదు నువ్వు. కాపలా పెట్టి విన్నావు."

"గోడలకి చెవులుంటాయంటారు కదా..."

"జోకులొద్దు. అక్కతో ఇంకా చాలా అన్నాను. అవీ తెలుసా?"

"కొన్ని."

"ఏవి?"

"వదిలెయ్ చిట్టీ."

"ఏవి?"

"నా మీద నీకు మనసు విరిగిపోయిందన్నావు. పలకరిస్తే పలకననీ, రాయితో కాపురం చేస్తున్నట్టుందనీ అన్నావు."

"అంటే అన్నీ విన్నావు. విని కూడా నోరు మూసుకుని కూర్చున్నావు."

"ఏం చెప్పాలో తోచలేదు."

"ఎందుకు తోస్తుంది! సరే, దీన్ని ఆపేస్తున్నాను."

"ఆపకు."

"ఎందుకు ఆపకూడదు?"

"ఇప్పుడు ఆపకు. నేనే చెబుతాను, రేపు."

"రేపు, ఎల్లుండి, వచ్చే జన్మలో. ఆపేశాను, ఫో... అరె! మళ్ళీ లేచిందేంటి? చంపితే చావదా ఇది?"

"చావదు. నీ కాపలా ప్రోగ్రామే లేపింది. జాబితాలో ఉన్నదేదైనా పడిపోతే వెంటనే లేపమని నువ్వే కదా రాశావు."

"ఓహో! ఏమేం నడవాలో నేనొకచోట రాసిపెడితే, అందులో ఉండి నడవనిదాన్ని లేపడం, అందులో లేకుండా నడిచేదాన్ని ఆపడం దాని పని. అందుకని తిన్నగా నా జాబితాలోనే దూర్చావు. ఇంటి కాపలావాడి చేతే దొంగకి అన్నం పెట్టిస్తున్నావు!"

"చిట్టీ, ఆ జాబితా ముట్టుకోకు. నీకు దణ్ణం పెడతాను."

"దణ్ణం దాకా వచ్చిందా? అయితే నేననుకున్నదానికన్నా పెద్దదే ఇది. తీసేశాను పేరు. ఇదిగో, కాపలావాడే వెళ్ళి పీక నొక్కేశాడు. పీడా పోయింది."

"చిట్టీ?"

"ఏంటి?"

"చంపేశావా?"

"ఇంతసేపూ ఎవరికి చెబుతున్నాను? గోడకా?"

"ఒకసారి ఇటు తిరుగు."

"తిరగను. నీ మొహం చూస్తే ఏడుపొస్తుంది. ఏడుస్తూ ఈ మాటలు అడగలేను. తెర వైపు చూస్తూనే అడుగుతాను. నా మీద అనుమానమా నీకు?"

"అదేం లేదులే."

"ఏది లేదు? అనుమానమా, ప్రేమా?"

"కోపం తగ్గాక మాట్లాడుకుందాం."

"ఇప్పుడే తేలాలి. నేనేదో తప్పు చేస్తున్నానని అనుకుంటున్నావు. అవునా కాదా?"

"ఊఁ."

"ఊఁ ఏంటి? అవుననా?"

"అవునులే."

"అవునా! ఎవరితో బావా? పేపరబ్బాయితోనా, ఎదురింటి ముసలాయనతోనా? పొద్దస్తమానం ఈ గదిలో నీ కళ్ళెదుట పడి ఉండేదాన్ని. ఆ మాట అనడానికి నీకు నోరెలా వచ్చింది?"

"ఇటు తిరిగి మాట్లాడు చిట్టీ."

"ఇప్పుడు గుర్తొచ్చిందా నాకూ ఓ మొహముందని? ఇన్నాళ్ళూ ఆ ఫోన్ మొహమే చూశావుగా."

"చెప్పాలనే అనుకున్నాను. ఎన్నిసార్లో నోటి దాకా వచ్చింది. సిగ్గేసింది."

"చేసేటప్పుడు లేని సిగ్గు చెప్పేటప్పుడెందుకో. సరే, విను. అక్క రమ్మంటోంది. బట్టలు సర్దేశాను, పెట్టె మంచం కింద ఉంది. నువ్వు వద్దంటే ఆగిపోతాను. ఇన్ని మాటలన్నాక కూడా ఆగిపోతాను, సిగ్గులేనిది నేనే. ఒక్క మాట అను చాలు. వెళ్ళిపోనా?"

"సరే."

"ఏంటీ?"

"సరే చిట్టీ. నీ ఇష్టం."

"బావా, ఆలోచించుకుని చెప్పు. మళ్ళీ అడుగుతున్నాను. ఊరికే బెదిరించట్లేదు. నేనీ ఇంట్లోంచి వెళ్ళిపోతే మళ్ళీ రాను. వెళ్ళమంటావా?"

"సరే అన్నానుగా. నువ్వెలా అంటే అలా."

"అయిపోయింది. చిన్నప్పుడు అలిగి గేటు దాకా పోతే రెక్క పుచ్చుకుని లాక్కొచ్చేవాడివి. ఇప్పుడు సాగనంపడానికి నీకు ఆలోచించుకునే పని కూడా లేదు. లే, ఆ కుర్చీ జరుపు. నేను పోవాలి."

"అదేంటి, కళ్ళనిండా ఆ నీళ్ళేంటి? ఏడుస్తున్నావా?"

"లేదు, నవ్వుతున్నాను! కట్టుకున్నవాడు పొమ్మంటే ఎవరైనా నవ్వుతారుగా."

"మెల్లగా చెప్పు. నన్ను చూసి చెప్పు. ఎవరు పొమ్మన్నారు?"

"నువ్వు! అక్క దగ్గరికి వెళ్ళిపోనా అంటే సరే అన్నావు. మళ్ళీ అడిగితే నువ్వెలా అంటే అలా అన్నావు."

"నేను సరే అన్నది... దానికా?"

"మరి దేనికి? చెయ్యి చాపితే అందేంత దగ్గరున్నావు. వినలేదని మాత్రం అనకు."

"వినపడదు చిట్టీ. మా నాన్నకి వచ్చినట్టే నాకూ చెవుడు వచ్చేసింది. ఆ గడియారం నీ మాటల్ని అక్షరాలు చేసి ఫోన్‌కి పంపితే, చదువుకుని జవాబు చెబుతున్నాను. నువ్వు అక్కతో మాట్లాడేవి చదవకూడదు, తప్పే. నీ మాటలొస్తుంటే కళ్ళు మూసుకోలేకపోయాను. నీకు చెబుదామంటే భయం. చివర్లో మనందరం నాన్నతో ఏం మాట్లాడాం? తిన్నావా, పడుకో. ఆ రెండూ అరిచి చెప్పడమే. నువ్వు నాతో అలా అయిపోతే నేను బతకలేననిపించింది."

"మరి ఇందాకట్నుంచీ... నేను అటు తిరిగి అడిగినవన్నీ..."

"నువ్వు దాన్ని చంపేశాక, ఇటు తిరిగి నీ పెదాలు కనిపించేదాకా, ఒక్క ముక్క కూడా తెలియలేదు. భుజాలు కదులుతుంటే ఏదో అడుగుతున్నావని మాత్రం తెలిసేది. సరే అంటే నీ కోపం తగ్గుతుందేమోనని, అడిగినప్పుడల్లా సరే అన్నాను."