నాలుగింటికే వచ్చిన మేనేజరు

నాటకం ఆరింటికి. ఆరు కావస్తున్నా హాలు తలుపుకి తాళం వేసే ఉంది. జనమంతా వాకిట్లో నిలబడ్డారు. మేకప్పు చేసే అక్క చెవి దగ్గర ఫోను పెట్టుకుని ఉంటే, దర్శకుడు ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"హాలు మేనేజరేమంటున్నాడక్కా?"

"నాలుగింటికే వచ్చాడట. గంటసేపు చూసి, నాటకం లేదేమోనని తాళం వేసుకుని పోయాడట."

"చెప్పిన టైముకి వాడు రావడమేంటి!"

"మొన్న ఆలస్యంగా వచ్చాడని అందరి ముందూ దులిపేశావుగా, పౌరుషమొచ్చింది. అసలు ఆరింటి నాటకాన్ని నాలుగని ఎందుకు చెప్పావురా?"

"రెండు గంటలు ఆలస్యంగా వస్తాడని. ఐదేళ్ళుగా ఆ లెక్క ఒక్కసారీ తప్పలేదు."

"ఇదిగో, అసలు టైమెంతో నీ నోటితో చెబితేనే వస్తాడట."

"వీడికి నేను సంజాయిషీ ఇవ్వాలా?"

"పోటీలకి ఎంపిక చేసే పెద్దాయన అదిగో, మెట్ల మీద కూర్చున్నాడు. ఏడున్నరకి బస్సుందట. నీ ఇష్టం."

దర్శకుడు ఫోను లాక్కున్నాడు.

"అన్నా, నాటకం ఆరింటికే. ఇన్నాళ్ళూ నీకు దొంగ టైమే చెప్పాను. తప్పయిపోయింది, రా."

అవతలి మాట విని ఫోను తిరిగి ఇచ్చేశాడు.

"ఏమన్నాడ్రా?"

"పది నిమిషాల్లో వస్తాడట."

"హమ్మయ్య!"

"హమ్మయ్యేంటక్కా? వాడి పది నిమిషాలంటే తెలీదా! అందర్నీ రమ్మను. మొదటి అంకం ఈ వాకిట్లోనే ఆడేద్దాం."