నూతి మీద గూళ్లు

1992 జూలై ఆరవ తేదీన, జోరువానలో తడిసిన కొంగు పిండుకుంటూ మన కళాశాల జంతుశాస్త్ర విభాగంలో ఉపన్యాసకురాలిగా చేరిన శ్రీమతి ప్రిస్కిల్లా గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కుర్చీ వేస్తే ఆమె ఆనాడూ కూర్చోలేదు, ఈనాడూ కూర్చోరు.

పాఠమైనా నడుస్తూనే చెప్పేవారు. మగ గిజిగాడు గూడు సగం అల్లి ఆపుతుందని, ఆడపిట్ట వచ్చి లోపలా బయటా పరీక్షించి, నచ్చితేనే నిలుస్తుందని, నచ్చకపోతే మగపిట్ట మరో గూడు మొదలుపెడుతుందని, దాని నెత్తి మీది పసుపు వన్నె, ఆ అల్లిక నేర్పు తరతరాలుగా ఆడపిట్టలు ఎంచుకోగా ఎంచుకోగా తేలినవేనని విశదీకరించేవారు. వెనక బెంచీలో ఎవరైనా నవ్వితే, "నవ్వండి. రేపు మిమ్మల్నీ ఎవరో ఒకరు సూస్తారు" అనేవారు.

పదేళ్ల సర్వీసు దాటాక డాక్టరేటుకు పూనుకున్నారు. కోటబొమ్మాళి అవతల గున్నమ్మ గారి పొలంలో, నూతి పక్కనున్న తాటిచెట్లే ఆమె ప్రయోగశాల. ఆడపిట్ట బిగువైన అల్లికనే కోరుతుందని సిద్ధాంత గ్రంథం రాసి, బైండు కూడా చేయించారు. సమర్పిస్తే పదోన్నతి ఖాయం. చివరిసారి చూసివద్దామని పొలానికి వెళితే, ఒక ఆడపిట్ట ముచ్చటైన గూటిని కాదని, నూతి నీళ్ల మీదికి వాలిన మట్టకు వేలాడే వదులు గూటిలో దూరింది. మరునాడు ఇంకొకటీ అంతే. ప్రిస్కిల్లా గారికి అన్నం సయించలేదు. గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు.

గున్నమ్మ గారు చూసి చూసి అడిగారు. "ఏటమ్మా, పిట్టల పెళ్లికి పేరంటాలిలాగ తిరుగుతన్నావు? అది సూసుకుని సేరిపోనాది. నీకేటి బాధ?"

"నేను రాసింది తప్పయిపోనాది గున్నమ్మా. అది అల్లిక సూడ్డం లేదు. పాము సేరలేని సోటు సూస్తన్నాది."

"అయితే కొట్టేసి మళ్లీ రాయి. ఆడది కాదు పొమ్మంటే ఆ మగపిట్ట ఇంకోటి అల్లుకోవట్లేదేటి?"

ఒకటి రెండు పిట్టలకే ఇన్నేళ్ల శ్రమ పాడుచేసుకోవద్దని గైడు గారు మందలించారు. భర్త బెన్హర్ గారు పదోన్నతి సంగతి ఒక్కసారి గుర్తుచేశారు. ఆమె ఆ గ్రంథాన్ని సమర్పించకుండా ఆపేశారు. మరి రెండు వానకారులు ఆ నూతి దగ్గరే గడిపి, చోటు ముందు, అల్లిక తరువాత అని తిరగరాశారు. ఈలోగా ఆ పదవి ఆమెకన్నా చిన్నవారికి దక్కింది. బాధ లేదని ఆమె ఎన్నడూ అనలేదు. వారి గదికి వెళ్లి మొదట అభినందించినది మాత్రం ఆమే.

మంచి చోటునున్న గూళ్లను సైతం కొన్ని ఆడపిట్టలు ఎందుకు కాదంటున్నాయో ఇంకా తేలలేదట. అందుకే ఈ విరమణ ఆమెకు విశ్రాంతి కాదు. పైకెత్తిన మెడ నొప్పెట్టకుండా, కళ్లకు మసక కమ్మకుండా, గట్ల మీద కాలు జారకుండా ప్రభువు ఆమెకు నిండు నూరేళ్ల ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక. కన్నది రాసినదానికి అడ్డువచ్చిన నాడు, రాసినదాన్నే కొట్టివేయగల ఆ మనసు ఆమెను కడదాకా విడవకుండుగాక.

ఎల్లాజీ,
విశ్రాంత అటెండరు, జంతుశాస్త్ర విభాగం