తువ్వాల కింది చెయ్యి

కోడలు పెంచుకునే ఉప్పునీళ్ల చేపల తొట్టి ముందు లింగయ్య కుడిచెయ్యి తువ్వాల కింద దాచుకుని నిలబడ్డాడు.

“నత్తలన్నీ సచ్చినయ్ మామా. పొద్దుగాల మంచిగనే ఉండె.”

“చేపలో?”

“పైకొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. నేనే ఉప్పు ఎక్కువ కలిపినట్టున్న. నా చేతులతోనే సంపుకున్న.”

ఆమె చున్నీతో కళ్లు తుడుచుకుంది. లింగయ్య ఇక ఊరుకోలేకపోయాడు.

“ఉప్పు కాదు బిడ్డా. తొట్టి నిండ నాచుంటే వచ్చినోళ్లు నిన్నేమంటరో అని జర నీలం మైలుతుత్తం పొడి ఏసిన. మన ఊరు ధరూర్ల వరిమడిల నాచుకు గదే ఏస్తం గద.”

“గా నాచు తినేటందుకే ఈ నత్తలను తెచ్చిన మామా.”

లింగయ్య తువ్వాల కింది నుంచి చెయ్యి బయటికి తీశాడు.

“ఆ గోళ్లల్ల నీలం పోయేదాంక సబ్బుతోని కడుక్కోర్రి మామా. అన్నం పెడ్త.”