మా మందకే ఫస్టు

కళ్యాణదుర్గం రోడ్డులో, ఎస్టీడీ బూత్ పక్కన ఉన్న గౌస్ మొహిద్దీన్ టీ అంగట్లో ఆ పొద్దు ఎర్రిస్వామి గొంతు తప్ప ఇంకేమీ వినిపించలేదు. విత్తనం వేసేలోపల గౌసు తన చేన్లో ఎరువు కోసం గొర్రెల మంద పెట్టించాలనుకుంటున్నాడు. ఆ మంద ఇంకో కాపరి బసప్పది కాకూడదు, తనదే కావాలని ఎర్రిస్వామి పట్టుదల.

"ఊరికే చెప్తాండానా అప్పా? యూనివర్సిటీ నుంచి వనజాక్షి మేడం వచ్చినాది కదా, సర్కారు తుమ్మకంప ఎట్ల పాకుతాందో చూసేదానికి! ఆయమ్మ అందరి మందల పెంటికలూ ఏరుకోని పోయినాది. మల్లొచ్చి ఏమన్నాదో తెలుసా? 'ఎర్రిస్వామీ, మీ మందకే ఫస్టు' అన్నాది!"

"దేంట్లో అన్నా?" అన్నాడు గౌసు టీ వడగడుతూ.

"అన్నిట్లోనూ!" చదువుకున్నవాళ్లు ఎర్రిస్వామిని మెచ్చుకోవడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ సంగతి చెప్పేటప్పుడల్లా ఛాతీ పొంగేది. "బసప్ప గొర్రెలు కంపకాయ చూస్తే మూతి తిప్పుకుంటాయి. మావి కాయలే కాదు, కొమ్మలు తింటాయి, ముండ్లు తింటాయి. మా పెద్ద పొట్టేలుండాదే, అది ముల్లుతోనే పంటి సందులు కుట్టుకుంటాది. ఒకనాడు మాను కూడా తినేసి వేరు పట్టినాది. ఆ తర్వాత ఏమైనాదో తెలుసా? ఈడ అది వేరు లాగుతాంటే, ఆడ మడకశిరలో కంపచెట్లు ఒకటెనక ఒకటి నేలలోకి దిగబడిపోతాండాయంట! భూకంపమని జనం ఇండ్లల్లోంచి ఉరికినారు. ఆఖరికి వేరు ఊడితే ఆ బొక్కలోంచి నీళ్లు ఎగజిమ్మినాయి. మందకు మంద తానం చేసినాది!"

"నేను బోరేస్తే దుమ్ము తప్ప రాలేదే!"

"నువ్వు మిషనును పిలిస్తివి. మా పొట్టేలును పిలవకపోతివి."

అంగడంతా గొల్లుమంది. గౌసు కూడా నవ్వి, సరే తోలుకురమ్మని చెప్పడానికి నోరు తెరిచాడు.

బెంచీ మీద కూర్చుని అరికాల్లో ముల్లు తీసుకుంటున్న తిమ్మక్క తలెత్తింది. పోయినేడు ఎర్రిస్వామి మంద పెట్టింది ఆమె చేన్లోనే.

"ఆ మేడం నాకూ చెప్పినాదిలే. పెంటికలు కుండీల్లో ఏసి నీళ్లు పోసినాదంట. కంప మొలకలు అందరికంటే ఎక్కువొచ్చింది మీ మందవాటిల్లోనే. దాంట్లోనప్పా నీకు ఫస్టు! మీ గొర్రెలు కాయ అరిగించుకోని, గింజ నాకిచ్చిపోయినాయి. మంద పండుకున్న కాడంతా ఇప్పుడు కంపే. శెనక్కాయ యాడ విత్తల్ల నేను?"

గౌసు ఎర్రిస్వామిని నిదానంగా అడిగాడు.

"అన్నా, బసప్ప గొర్రెలు కంపకాయ చూస్తే మూతి తిప్పుకుంటాయంటివే, అది నిజమేనా?"

ఈ ఒక్క మాటైనా నమ్ముతున్నాడని ఎర్రిస్వామికి ప్రాణం లేచొచ్చింది. "మా నాయన మీద ఒట్టప్పా! ఒక్క కాయ ముట్టవు!"

"అయితే బసప్పకే కబురు పెడతా."