దాని ఒంటిమీది పొర

టీకొట్టు ముందు బల్ల ఎందుకు వేస్తారో గాని, దానిమీద కూర్చున్నవాడికి నోరు ఆగదు. అందులోనూ బావకి. ఎదుటి ఆస్పత్రి ల్యాబులో పెద్ద మైక్రోస్కోపు నడిపేది ఆయనే. ఆయన భార్య, అంటే బావమరిదికి అక్క, జ్వరంతో వార్డులో పడి నాలుగు రోజులైంది. ఆమె శాంపిల్ పొద్దున్నే బావ చేతికొచ్చింది. అందులో ఏముందో తేలితే గాని డాక్టరు మందు మార్చడు. ఆ కబురు కోసమే బావమరిది పని మానుకుని వచ్చాడు. బావేమో కోతల్లో పడ్డాడు.

"వైరస్‌ని అందరూ చూస్తారు. అది గడప దాటడం చూసింది నేనొక్కణ్ణే. కణం లోపల ముక్కలుముక్కలుగా తయారై కణం చుట్టూ ఉన్న పొర దగ్గరికి చేరుతుందా, ఆ పొరంతా కొవ్వే గదా, చిక్కటి చోటు ఎక్కడుందో తడుముకుని అక్కడే పోగవుతుంది. పొర బుడిపెలా ఉబ్బుతుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పగిలుంటుంది," అన్నాడు టీ కాసేవాడు.

"పగిలితే ఇంకేముందయ్యా! ఆ పొరనే ఒంటికి చుట్టుకుని, మెడ దగ్గర నొక్కి తెంపుకుని బయటికొచ్చింది. ఇంటివాడి దుప్పటి కప్పుకుని దొంగ దర్జాగా వీధిలోకి వచ్చినట్టు. కళ్లలో కళ్లు పెట్టి చూశాను. ఆగిపోయింది."

"వైరస్‌కి కళ్లా?" బల్ల చివర కూర్చున్న ఆస్పత్రి కాంపౌండరు నవ్వాడు.

"నావి అరువిచ్చాను, వినవయ్యా! మర్నాడు గది గోడ ఉబ్బింది, లోపల్నుంచి ఎవరో తలతో నెడుతున్నట్టు. మెడ సన్నబడింది, తెగింది. సున్నం కప్పుకుని నా ఎత్తున ఒకటి ఎదురుగా నిలబడింది. ఆ మర్నాడు కొక్కేనికున్న నా తెల్లకోటు ఉబ్బింది. వరండాలో అది నడుస్తుంటే నర్సులు నేననుకుని దారిచ్చారు. పిలిచాను. మెల్లగా వెనక్కి తిరిగింది. దానికి..."

బావమరిది కళ్లు బావ మీదే ఉన్నాయి. కథ కోసం కాదు. బావ చేతిలో టీ ఒక్క గుక్కయినా తాగకుండానే మీగడ కట్టింది.

"బావా, ఇందాక ల్యాబు కిటికీలోంచి తొంగి చూశాను. మిషను మీద గుడ్డ కప్పే ఉంది. పొద్దుట్నుంచీ మీరు తియ్యనే లేదు."



"వేల శాంపిళ్లు చూశాన్రా, ఎవరివో ఏమిటో," అన్నాడు బావ, గొంతు తగ్గించి. "ఇవాళ్టి శాంపిల్‌లో అది ఉంటే, దాని ఒంటిమీద ఉండేది మీ అక్క పొర. ఎలా చూడమంటావు?"

బావమరిది ఆయన చేతిలోంచి గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"డాక్టరు నాలుగింటికి వెళ్లిపోతాడు. గుడ్డ నేను తీస్తాను. చూడ్డం మాత్రం మీకే వచ్చు. పదండి."