గోపయ్య గట్టు మీది తేనెపెట్టె

1973 జూన్ పన్నెండవ తేదీన దమ్మపేటలో క్షేత్ర సహాయకులుగా ఉద్యోగప్రవేశం చేసిన శ్రీ ధన్‌సింగ్ గారు, ఈ మార్చి నెలాఖరున వ్యవసాయ పర్యవేక్షకులుగా పదవీ విరమణ చేస్తున్నారు. చండ్రుగొండ దగ్గరి తండాలో జన్మించి, ఇప్పపూల కాలంలో అడవంతా నిండే తేనెటీగల రొద వింటూ పెరిగిన వారికి, వాటి సంరక్షణ ఉద్యోగధర్మం కంటే ముందే ప్రాణప్రదమైన వ్యాపకం.

కల్లూరులో పనిచేసిన రోజుల్లో, దారిలో పూత కనిపిస్తే చాలు, జీపు ఆపించి, ఈగలు వాలుతున్నాయో లేదో చూసిగాని కదిలేవారు కారు. మేము విసుక్కునేవాళ్లం. ఇప్పుడు ఆ విసుగే ఎంత తీపిగా గుర్తొస్తోందో! ఏటేటా ఆ రొద సన్నగిల్లుతుంటే వారి ముఖం చిన్నబోయేది.

2002లో వారు మళ్లీ దమ్మపేటకు బదిలీపై వచ్చారు. ఆ ఏడు సైదమ్మ అనే రైతు దోసతోట విరగబూసినా, పూలపై వాలే ఈగలు లేక పిందె పట్టలేదు. ధన్‌సింగ్ గారు తమ సొంత తేనెపెట్టెలు రెండింటిలో ఒకటి తెచ్చి ఆమె చేలో పెట్టారు. పక్క చేలో పత్తి వేసిన గోపయ్య, చల్లపూటే పని తెమల్చుకోవాలని తెల్లవారగానే పురుగుమందు కొట్టేవాడు. ఈగలు మేతకు వెళ్లే వేళా అదే. మూడోనాటికి పెట్టె ముందు ఈగలు కుప్పగా రాలిపోయాయి. వాటిని దోసిట్లోకి ఎత్తుకుని వారు కంటతడి పెట్టుకున్నారు.

ఇక పెద్ద పోట్లాటే అనుకున్నాం. వారు మాత్రం ఇంటి దగ్గరున్న రెండో పెట్టెను తెచ్చి, ఏకంగా గోపయ్య గట్టు మీదే పెట్టారు.

"గిదేంది సారూ, నాకెందుకీ తంటా?" అన్నాడు గోపయ్య.

"నీ మందు నువ్వు కొట్టుకో గోపయ్యా, వద్దనను. గని పొద్దుగూకినంక కొట్టు, అప్పటికి ఈగలు ఇల్లు చేరుతయ్. ఇయ్యాల్టి సంది ఈ పెట్టె నీది. నాకు మిగిలింది గిదొక్కటే."

వారం తిరక్కుండానే గోపయ్య గొంతు ఊరంతా వినిపించింది: "ఎవడ్రా పొద్దుగాలనే మందు కొట్టేది? నా ఈగలు చస్తయ్!" సైదమ్మకు ఒకటే నవ్వు. ఆమె తోటలో పిందెలూ పట్టాయి.

నిన్న సాయంత్రం గోపయ్య మా కార్యాలయానికి వచ్చి, ఈగలు బయటపడకుండా ద్వారంలో గడ్డి దోపిన కొత్త పెట్టెను భుజం మీంచి దించాడు. "మీరిచ్చింది తిరిగిస్తలేను సారూ, అది నేనియ్య. ఇది దాని పిల్ల" అన్నాడు. ధన్‌సింగ్ గారు పెట్టెకు చెవి ఆనించి, లోపలి రొద వింటూ నిలబడిపోయారు.

ఈ ఉదయం ఆ గడ్డిని వారు తమ పెరట్లో స్వయంగా తీశారట. సతీమణితో, సంతానంతో, సంపూర్ణారోగ్యంతో నిండు నూరేళ్లు జీవించి, ప్రతి తెల్లవారుజామునా ఆ రొద వింటూనే వారు నిద్ర లేవాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.

— ఉషారాణి, సహోద్యోగిని